గ్లేజ్ పాడవుతోందని సొంత కిల్న్ కొనాలా? బెంగళూరు ఫ్లాట్‌లో పాటరీ చేసేవారికి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. మారతహళ్లిలో మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఏడాదిగా వారాంతాల్లో ఒక స్టూడియోకి వెళ్లి వీల్ (కుమ్మరి చక్రం) మీద కప్పులు, గిన్నెలు చేస్తున్నారు. ఆకారం బాగానే కుదురుతోంది, తేడా అంతా గ్లేజ్ దగ్గరే, అంటే కాల్చినప్పుడు గాజులా మారే పై పూత దగ్గరే వస్తోంది. ఒక గిన్నె నిండా సూదిమొనంత రంధ్రాలు వచ్చాయి. ఒక కప్పు మీది గ్లేజ్ కారి, పాత్రలు కాల్చే కిల్న్ (కొలిమి) లోపలి షెల్ఫ్‌కి అతుక్కుపోయింది. ఇంకో గిన్నె లోపల సన్నటి గీతల్లాంటి పగుళ్లు. స్టూడియో కిల్న్ సరైనది కాదేమో, చిన్నది సొంతంగా కొనుక్కుందామా అన్నది మొదటి ప్రశ్న. పగుళ్లున్న గిన్నెలో పచ్చడి వేసుకోవచ్చా అన్నది రెండోది. తెనాలి దగ్గర మీ ఊరి చెరువు మట్టి తెచ్చి వాడొచ్చా అన్నది మూడోది.

సూటిగా చెబితే: కిల్న్ ఇప్పుడు కొనకండి. డబ్బు పెట్టాలని ఉంటే వీల్ కొనండి. ఆ గిన్నెలో పచ్చడి వేయకండి. ఊరి మట్టి తప్పకుండా తెచ్చుకోండి, కానీ దాన్ని వాడాల్సింది వీల్ మీద కాదు, గ్లేజ్‌లో.

నేను హెణ్ణూరు వైపు ఒక షెడ్డులో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. సొంత కిల్న్ లేనివాళ్ల పాత్రలు కూడా కాల్చి ఇస్తుంటాను. నా దగ్గరికి వచ్చే పాత్రల్లో గ్లేజ్ లోపం అనిపించినవాటిలో చాలావాటికి బీజం గ్లేజ్ బకెట్ కంటే ముందే పడి ఉంటుంది. మట్టి ఎంపికలోనో, ట్రిమ్మింగ్‌లోనో (సగం ఎండిన పాత్ర అడుగును టూల్‌తో చెక్కడం), బిస్క్ కాల్పులోనో (గ్లేజ్ వేసే ముందు చేసే మొదటి కాల్పు). మీరు రాసిన మూడు లోపాలకు మూడు వేర్వేరు కారణాలున్నాయి, కిల్న్ మారిస్తే మూడూ పోవు. అందుకే ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు సూది రంధ్రాలు. మట్టిలో కుళ్లిన ఆకులూ వేళ్లూ వదిలిన కార్బన్ ఉంటుంది, కొంత గంధకం కూడా ఉంటుంది. బిస్క్ కాల్పులో సుమారు 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఇవి కాలి వాయువుగా బయటికి పోవాలి. ఆ దశలో కిల్న్‌ను తొందరపెడితే కొంత లోపలే మిగిలిపోతుంది. తర్వాత గ్లేజ్ కరిగి పైన గాజు పొరగా మూసుకున్నాక ఆ మిగిలిన వాయువు పొరను తోసుకుని బయటికి వస్తుంది. బుడగ పగిలిన చోట గ్లేజ్ మళ్లీ కలిసేలోపే చల్లబడితే రంధ్రం అలాగే నిలిచిపోతుంది. కాబట్టి మీ స్టూడియోవాళ్లను రెండు విషయాలు అడగండి. బిస్క్ ఎంత వరకు కాలుస్తారు, గ్లేజ్ కాల్పులో పై ఉష్ణోగ్రత దగ్గర కాసేపు నిలబెడతారా లేదా. నేను బిస్క్‌ను 1000 డిగ్రీలకు నిదానంగా తీసుకెళ్తాను, గ్లేజ్ కాల్పులో చివర 15 నిమిషాలు అక్కడే ఆపుతాను. చాలా రంధ్రాలు ఆ పావుగంటలోనే మూసుకుంటాయి.

అయితే స్టూడియోను అడిగే ముందు గిన్నెను చేతిలోకి తీసుకుని రంధ్రాలు ఎక్కడున్నాయో చూడండి. గిన్నె అంతటా సమానంగా ఉంటే కాల్పు వైపు చూడాలి. బయటి వైపు, కింది సగంలోనే గుంపుగా ఉండి పై అంచు దగ్గర నున్నగా ఉంటే కారణం మీ ట్రిమ్మింగ్ టూల్. చాలా స్టోన్‌వేర్ మట్టుల్లో (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే మట్టి) గ్రాగ్ ఉంటుంది, అంటే కాల్చి పొడిచేసిన మట్టి రేణువులు. వీల్ మీద చేసేటప్పుడు వేళ్లు వాటిని లోపలికి నొక్కేస్తాయి, పైన మెత్తటి మట్టి పేరుకుంటుంది. ట్రిమ్ చేసేటప్పుడు టూల్ ఆ మెత్తటి పొరను చెక్కేసి రేణువులను లాగేస్తుంది. ఒక్కో రేణువు ఊడిన చోట ఒక్కో గుంట. బిస్క్ అయ్యాక ఆ గుంటలో గాలి ఉంటుంది, దాని మీద గ్లేజ్ పడుతుంది. దీనికి మందు చాలా తేలిక. ట్రిమ్మింగ్ అయిన వెంటనే, పాత్ర ఇంకా వీల్ మీద ఉండగానే, రబ్బర్ రిబ్‌తోనో (నున్నగా రుద్దే చిన్న రబ్బరు పలక) స్టీల్ స్పూన్ వెనక వైపుతోనో చెక్కిన భాగమంతా గట్టిగా నొక్కుతూ తిప్పండి. పాత్రకు ఒక నిమిషం పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ ఒక్క అలవాటుతో రంధ్రాల బాధ తప్పించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొకటి దుమ్ము. బిస్క్ అయిన పాత్రలు స్టూడియో షెల్ఫ్ మీద వారాల తరబడి ఉంటాయి. గ్లేజ్ చేసే ముందు తడి స్పాంజితో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాతే ముంచండి. చేతులకు కొబ్బరినూనె, హ్యాండ్ క్రీమ్ ఉంటే ఆ వేలిముద్ర పడిన చోట గ్లేజ్ అంటుకోదు. కాల్చాక అక్కడ మట్టి బయటపడి గ్లేజ్ పక్కకు ముడుచుకుపోతుంది.

కారిపోయిన కప్పు సంగతి. ఇది దాదాపు ఎప్పుడూ మందం సమస్యే. గ్లేజ్ పలుచగా ఉందో చిక్కగా ఉందో చాలామంది కంటితోనే తేల్చేస్తారు. పాలలా, మజ్జిగలా ఉండాలి అనే కొలతలు ఎవరు చెప్పినా నమ్మకండి. ముఖ్యంగా బెంగళూరులో. ఇక్కడి బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి గ్లేజ్‌లోని రేణువులను ఒకదానికొకటి పట్టుకునేలా చేస్తాయి, దాంతో గ్లేజ్ ఉన్నదానికంటే చిక్కగా కనిపిస్తుంది. చిక్కగా ఉంది కదా అని నీళ్లు పోస్తారు, మరుసటి వారం పలుచనైందని రెండుసార్లు ముంచుతారు. ఇక ఏ వారానికి ఆ వారం ఫలితం వేరేగా ఉంటుంది. గ్లేజ్ కలపడానికి ఆర్వో నీళ్లు వాడండి. ఒక కొలపాత్రలో సరిగ్గా 100 మిల్లీలీటర్ల గ్లేజ్ తీసుకుని తూకం వేయండి, పాత్ర బరువు తీసేయండి. ముంచడానికి వాడే గ్లేజ్ నా దగ్గర 140 నుంచి 150 గ్రాముల మధ్య తూగుతుంది. మీకు నచ్చిన ఫలితం వచ్చిన రోజు తూకం రాసిపెట్టుకుంటే ప్రతిసారీ అక్కడికే తెచ్చుకోవచ్చు.

ముంచేది మూడు సెకన్లు చాలు. ఆరాక సూదితో ఒకచోట గీసి చూడండి, గ్లేజ్ పొర మిల్లీమీటరు మించకూడదు. రెండు గ్లేజ్‌లు ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. విడివిడిగా కదలకుండా నిలబడే రెండు గ్లేజ్‌లు కలిసిన చోట తక్కువ వేడికే కరిగి కారతాయి. మీరు పంపిన కప్పు ఫోటోలో నీలం మీద తెలుపు పడిన పట్టీ నుంచే ధార మొదలైంది, గమనించారా? అలాంటప్పుడు అడుగు నుంచి కనీసం ఒక సెంటీమీటరు వరకు గ్లేజ్ తుడిచేయండి. కొత్త జోడీ ప్రయత్నిస్తుంటే కింద ఒక మట్టి బిళ్ళ పెట్టి కాల్చమని స్టూడియోను అడగండి. కారితే బిళ్ళ పోతుంది, షెల్ఫ్ మిగులుతుంది. షెల్ఫ్ పాడైతే పక్కవాళ్ల పాత్రలకు కూడా నష్టమే.

ఇక పగుళ్లు, పచ్చడి. అన్నింటిలో ఇదే ముఖ్యమైంది, ఎందుకంటే దీనిలో తినే తిండి ఉంది. కిల్న్ చల్లబడేటప్పుడు మట్టీ కుంచించుకుంటుంది, గ్లేజూ కుంచించుకుంటుంది. గ్లేజ్ ఎక్కువగా కుంచించుకుంటే ఒంటికి ఇరుకైన జాకెట్టు కుట్లు తెగినట్టు ఎక్కడికక్కడ చిట్లుతుంది. సోడియం, పొటాషియం ఎక్కువున్న గ్లేజ్‌లకు ఈ గుణం ఎక్కువ. గ్లేజ్ మీరే కలుపుకుంటే అందులో క్వార్ట్జ్ (సిలికా) పొడిని కొద్దికొద్దిగా పెంచుతూ పరీక్షిస్తే చాలాసార్లు తగ్గుతుంది. స్టూడియో గ్లేజ్ అయితే మీరు మార్చలేరు, వేరే మట్టితో జత చేసి చూడాలి.

పగుళ్లు కనబడినంత మాత్రాన ప్రమాదమని కాదు. అసలు చూడాల్సింది పగులు కింద ఉన్న మట్టి సంగతి. మట్టి పూర్తిగా గట్టిపడి, రేణువుల మధ్య సందులు మూసుకుపోయి ఉంటే పగులు ఉన్నా నీళ్లు లోపలికి దిగవు. సందులు మిగిలి ఉంటే చింతపండు పులుసు, నూనె, ఉప్పు అన్నీ పగుళ్ల గుండా దిగి అక్కడే ఉండిపోతాయి. కడిగినా పోవు, కొన్నాళ్లకు వాసన వస్తుంది. పైగా అలాంటి మట్టి గాలిలో తేమ పీల్చి మెల్లగా ఉబ్బుతుంది. అందువల్లే కిల్న్ నుంచి శుభ్రంగా వచ్చిన గిన్నె రెండు నెలల తర్వాత పగుళ్లు చూపిస్తుంది.

ఇంట్లో పాత ఆవకాయ జాడీ ఉంటే తిరగేసి అడుగు చూడండి. గ్లేజ్ లేని ఆ వలయం మాట్‌గా, కొంచెం గరుకుగా ఉంటుంది. దాని మీద ఒక నీటి చుక్క వేస్తే చుక్క చుక్కలాగే నిలబడుతుంది. అన్నేళ్లు ఉప్పు, ఆవపిండి, నూనె లోపల ఉన్నా జాడీ బయట చెమ్మగిల్లకపోవడానికి కారణం ఆ మట్టి పూర్తిగా పండి ఉండటం. ఇప్పుడు మీ గిన్నె అడుగున అలాగే ఒక చుక్క వేయండి. ఇంకిపోతే మట్టి ఇంకా పచ్చిగా ఉన్నట్టే. తూకం వేసి తేల్చుకోవాలంటే, అదే మట్టితో చేసి గ్లేజ్ లేకుండా అదే వేడికి కాల్చిన ముక్కను తూచి, రెండు గంటలు నీళ్లలో మరిగించి, తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల ముక్క 204 అయితే రెండు శాతం నీళ్లు పీల్చినట్టు. తిండి పాత్రలకు నేను రెండు శాతం మించనివ్వను.

మీ వర్ణనను బట్టి నా అనుమానం ఇది. మట్టి సంచి మీద అది పూర్తిగా పండే వేడి 1240 డిగ్రీలు అని ఉంటుంది, స్టూడియో కాల్పు 1200 దగ్గర ఆగుతుంది. ఈ తేడా చాలా చోట్ల చూశాను. సంచి మీది అంకె, కాల్పు అంకె రెండూ అడిగి తెలుసుకోండి. కిల్న్ మీటర్ చూపించే అంకె కంటే లోపల పెట్టే కోన్ (నిర్ణీత వేడికి మెత్తబడి వంగే చిన్న శంకువు) ఎంత వంగిందన్నది నమ్మదగిన సాక్ష్యం. 6 నంబరు కోన్ వంగేది దాదాపు 1222 డిగ్రీల దగ్గర. కోన్ వేడితోపాటు సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

పగుళ్లు లేని గిన్నెకు కూడా ఒక పరీక్ష ఉంది. మూడు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి వెంటనే ఐసు నీళ్లలో వేయండి, రెండు మూడుసార్లు ఇలా చేయండి. పైకి కనిపించని ఒత్తిడి ఉంటే బయటపడుతుంది. గ్లేజ్ గట్టిదనానికి ఇంకోటి. అదే గ్లేజ్ వేసిన ఒక ముక్కను సగం వరకు వెనిగర్‌లో మూడు రోజులు ముంచి ఉంచండి. మునిగిన సగం రంగు మారినా, మెరుపు తగ్గినా ఆ గ్లేజ్ లోపలి వైపు వాడకూడదు. మాట్‌గా ఉండే రాగి ఆకుపచ్చ గ్లేజ్‌ల దగ్గర మరీ జాగ్రత్త, పులుపుకు రాగి దిగే అవకాశం ఎక్కువ. సీసం, కాడ్మియం, బేరియం ఉన్న గ్లేజ్ అని తెలిస్తే తిండి పాత్రకు అసలు వద్దు. బయట ఎన్ని రంగులైనా వేసుకోండి, లోపల మాత్రం తెలుపో పారదర్శకమో, పరీక్ష నెగ్గిన ఒక్క గ్లేజ్‌నే వాడండి. ఈ వెనిగర్ పరీక్ష చెడ్డదాన్ని పట్టిస్తుందే గానీ మంచిదని హామీ ఇవ్వదు. పాత్రలు అమ్మే ఉద్దేశం ఉంటే ల్యాబ్‌కి పంపాల్సిందే.

కిల్న్ ఎందుకు వద్దంటున్నానంటే. స్టోన్‌వేర్ వేడికి వెళ్లే చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ కూడా సుమారు 5 కిలోవాట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 22 ఆంపియర్లు. గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు, మీటర్ దగ్గర్నుంచి విడిగా వైరు లాగాలి. మీ బెస్కాం కరెంటు బిల్లులో శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుందో చూడండి, మూడు కిలోవాట్లే ఉంటే మాట అక్కడితో ఆగుతుంది. ఎనిమిది, పది గంటలు కాలి, మరో పన్నెండు గంటలు చల్లారే వస్తువు అది. బిస్క్‌లో వచ్చే పొగ, వాసన బయటికి పోయే దారి ఉండాలి. అద్దె ఇంట్లో, పక్కన పసిపిల్లలున్న అపార్ట్‌మెంట్‌లో ఇది కుదిరే పని కాదు. నాకు తెలిసిన ఒకాయన నాలుగో అంతస్తు బాల్కనీలో పెట్టుకున్నారు. సాయంత్రం వోల్టేజ్ పడిపోతే కిల్న్ పై వేడికి చేరేది కాదు, అసోసియేషన్‌తో రోజూ టెన్షన్. చివరికి అమ్మేశారు.

ఇవన్నీ సర్దుకున్నా ఇంకో కారణం ఉంది. చిన్న కిల్న్‌లు త్వరగా వేడెక్కుతాయి, త్వరగా చల్లారతాయి. అంటే మీ రంధ్రాల సమస్య తగ్గకపోగా పెరగొచ్చు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది, ఆ దశను గబగబా దాటితే పాత్ర నిలువునా చీలుతుంది. పెద్ద కిల్న్ తన బరువుతోనే నిదానంగా చల్లారుతుంది, ఆ మేలు మీకు స్టూడియోలో ఉచితంగా దొరుకుతోంది.

వీల్ అయితే మూడో అంతస్తులో హాయిగా నడుస్తుంది. మామూలు ప్లగ్గు చాలు, శబ్దం తక్కువ. చేతికి పట్టు రావడానికి రోజూ అరగంట కూర్చోవడం వారానికోసారి మూడు గంటలు కూర్చోవడం కంటే మేలు. అరకిలో మట్టి ముద్దతో అదే గిన్నె మళ్లీ మళ్లీ చేయండి, బాగా రానివాటిని తీగతో నిలువునా కోసి గోడ మందం చూడండి, మట్టి మళ్లీ వాడుకోండి. అడుగును వేళ్లతో మధ్యకు నొక్కుతూ గట్టిపరచడం మరవకండి, లేకపోతే ఎండేటప్పుడు అడుగున ఎస్ ఆకారంలో చీలిక వస్తుంది. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొడిగాలికి అంచు గంటల్లో ఎండిపోతుంది, అడుగు తడిగానే ఉంటుంది. ఆ నెలల్లో ప్లాస్టిక్ కవర్ కప్పి, మర్నాడు తిరగేసి పెట్టండి. జూలైలో అంత అవసరం రాదు.

రెండు కట్టుబాట్లు మాత్రం తప్పనిసరి. మట్టి నీళ్లు సింకులో పోయకండి. బకెట్‌లో తేరనిచ్చి, పైనీళ్లు పారబోసి, అడుగు మట్టి ఆరబెట్టుకోండి. మూడో అంతస్తు పైపు మూసుకుపోతే కింది రెండిళ్లకూ ఇబ్బంది. రెండోది, ఎండిన మట్టిని చీపురుతో ఊడ్చకండి. అందులోని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. తడిగుడ్డతో తుడవండి. గ్లేజ్ పొడులు తూచేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి.

ఇంట్లో చేసిన పాత్ర స్టూడియోకి చేరాలి కదా. పూర్తిగా ఎండిన పచ్చి పాత్ర అన్ని దశల్లోకీ పెళుసు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అంటారు, ఇక్కడ ఆ గుదియ పని సిల్క్ బోర్డ్ దగ్గర ఒక్క స్పీడ్ బ్రేకర్ చేస్తుంది. లెదర్ హార్డ్ (తోలులా సగం ఎండిన దశ) దాటి కాస్త గట్టిపడ్డప్పుడే స్పాంజి పరిచిన డబ్బాలో తీసుకెళ్లి, మిగతాది అక్కడి షెల్ఫ్ మీద ఎండనివ్వండి. అంచు పట్టుకుని ఎత్తకండి.

ఊరి మట్టి. ఇది అడిగినందుకు నాకు చాలా సంతోషం. చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ, తక్కువ వేడికే పండుతుంది. కుండలు, దీపాలు చేసే కుమ్మరులు, ఇక్కడ బెంగళూరులో కుమ్మరుల పేట అయిన పాటరీ టౌన్‌లో ఉన్నవాళ్లు కూడా, అందుకే దాన్ని వెయ్యి డిగ్రీలు దాటనివ్వరు. మీరు దానితో కప్పు చేసి స్టూడియో వాళ్ల 1200 డిగ్రీల కిల్న్‌లో పెడితే ఉబ్బి, కరిగి షెల్ఫ్ మీద ముద్దవుతుంది. చెప్పకుండా మాత్రం ఎప్పుడూ పెట్టకండి. తెనాలి వైపు నల్లరేగడి అయితే ఎండేటప్పుడే విపరీతంగా కుంచించుకుని పగులుతుంది, వీల్ మీద ఒంటరిగా నిలవదు.

కానీ ఆ కరిగే గుణమే గ్లేజ్‌కి కావాలి. మట్టిని నానబెట్టి, 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలున్న) జల్లెడ పట్టండి. సగం మట్టిని ఒక బిస్క్ గిన్నెలో వేసి బిస్క్ కాల్పులోనే కాల్పించండి. కాల్చిన సగం, పచ్చి సగం కలిపి వాడితే పూత ఎండేటప్పుడు పగిలి ఊడిపోదు. చాలా మట్టులు స్టోన్‌వేర్ వేడికి గోధుమ నుంచి నలుపు దాకా రంగులిస్తాయి. ఊరెళ్లినప్పుడు రైస్ మిల్లు నుంచి ఊక బూడిద, ఇంటి పొయ్యిలోంచి కట్టె బూడిద కూడా కొంచెం తెచ్చుకోండి. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే గాజుకు మూలం. కట్టె బూడిదలో కాల్షియం ఎక్కువ, అది సిలికాను కరిగిస్తుంది. కట్టె బూడిద 40, ఫెల్డ్‌స్పార్ (గ్లేజ్ కరగడానికి వాడే ఖనిజం) 40, మట్టి 20 పాళ్లలో కలిపితే 1280 దగ్గర ఒక పాతకాలపు బూడిద గ్లేజ్ వస్తుంది. బూడిద నీళ్లు చేతులను తినేస్తాయి, గ్లవ్స్ వేసుకోండి. 1240కే కాల్చే కిల్న్ అయితే ఇది సరిగా కరగకపోవచ్చు, బోరాన్ ఉన్న ఫ్రిట్ (కరిగించి పొడిచేసిన గాజు) కొంత కలపాలి. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ నెల్లూరు, మహబూబ్‌నగర్ వైపు గనుల్లోనూ దొరుకుతాయి. సంచి మారితే గుణం కూడా కొంత మారుతుంది, కాబట్టి కొత్త సంచి తెరిచినప్పుడల్లా పరీక్ష తప్పదు.

పరీక్ష అంటే పెద్ద పని కాదు. మీ మట్టితోనే ఒక పొడవాటి గోడ వీల్ మీద లేపి, నిలువుగా ముక్కలు కోసి, ఎల్ ఆకారంలో నిలబడేలా ఎండబెట్టండి. నిలబడిన ముక్క మీదే గ్లేజ్ కారుతుందో లేదో తెలుస్తుంది, పడుకోబెట్టిన బిళ్ళ మీద తెలియదు. ఒక్కోదాని వెనక ఐరన్ ఆక్సైడ్‌తో అంకె రాయండి. నోట్‌బుక్‌లో ఆ అంకె పక్కన మట్టి పేరు, గ్లేజ్ తూకం, ముంచిన సెకన్లు, కోన్, కిల్న్‌లో ఏ షెల్ఫ్ అన్నవి ఉండాలి. వచ్చే కొన్ని నెలలు ఒక్క మట్టి, ఒక్క గ్లేజ్‌తోనే ఉండండి. వచ్చే కాల్పుకు ముందు ఆ గిన్నె అడుగు ఫోటో, మట్టి సంచి మీది వివరాలు పెట్టండి, చూసి చెబుతాను.